మాయాబాటపై మోటారుబండికి పరీక్ష



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము క్రొత్తది. కాని అది నడచు బాట మీకు పాతదే. హైదరాబాదునుండి శ్రీశైలమునకు బోవు పెద్దబాట మన్ననూరు దాటినది మొదలు దోమలపెంటవరకు నల్లమల అడవిగుండ సాగును. రాత్రి తొమ్మిది గంటలనుండి ఉదయము ఆరు గంటలవరకు ఆ బాటపై బండ్లను పోనీయక గేట్లు మూయుదురు. మూయుటకు కారణము మీకు నేను చెప్పవలసినది కాదు. చీకటిలో బండి దీపముల వెలుగు కంటబడిన దుప్పి పారిపోక నిలిచిపోవును. దానిని చూచినవాడు బ్రేకు త్రొక్కులోపల జరుగవలసినది జరిగిపోవును. గేటు మూయుట ఒక ఉపాయము. అది రాత్రికి మాత్రమే. తెల్లవారిన తరువాత ఆ బాటపై మనుష్యులు, పశువులు, కొండముచ్చులు, యాత్రికులు, లారీలు, బస్సులు, కార్లు అన్నియు కలిసియే నడచును.

ఇటీవల ఆ గేటు దాటిపోవు కార్లలో కొన్నింటికి క్రొత్తగా కండ్లు వచ్చినవి. ముందరి అద్దమునకు లోపల ఒక చిన్న కెమెరా, ముందరి బంపరులో ఒక రాడారు అమర్చి, వానిని ఒక కంప్యూటరునకు కలిపి, ఆపద కనబడినపుడు డ్రైవరును హెచ్చరించునట్లును, అతడు త్రొక్కకున్న తానే బ్రేకు వేయునట్లును చేసినారు. ఇట్టి ఏర్పాటులను డ్రైవరునకు సహాయక యంత్రములందురు. ఈ యంత్రములను ఎవరు పరీక్షించిరి? ఏ బాటపై పరీక్షించిరి? ఆ పరీక్షలో దుప్పి ఉన్నదా? ఎద్దులబండి ఉన్నదా? శివరాత్రికి కాలినడకను శ్రీశైలము పోవు భక్తుడు ఉన్నాడా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే నా ప్రసంగము.

మొదట ఈ సహాయక యంత్రములు ఏమేమి చేయునో చూతము. ఒకటి, ఎదుట బండికాని మనిషికాని అడ్డుపడినచో హెచ్చరించి, అవసరమైన తానే బ్రేకు వేయును. రెండవది, బాటమీది తెల్లగీతను చూచుచు, బండి తెలియక గీత దాటుచున్నచో హెచ్చరించును. కొన్నింటిలో చక్రమును తానే కొంచెము త్రిప్పును. మూడవది, ముందరి బండికిని మన బండికిని నడుమ ఎడము తగ్గకుండ వేగమును తానే తగ్గించి పెంచును. నాలుగవది, ప్రక్క అద్దములలో కనబడని మూలనుండి వచ్చు బండిని తెలుపును. ఐదవది, డ్రైవరు కునుకు తీయుచున్నాడేమో కనిపెట్టి మోత చేసి లేపును. ఇవి అన్నియు సహాయము చేయునవియే కాని బండిని తామై నడుపునవి కావు. చక్రము పట్టినవాని బాధ్యత చక్రము పట్టినవానిదే.

వీనికి చూపు ఎట్లు వచ్చెనో కొంచెము చెప్పెదను. కెమెరా మన కంటివంటిది. అది వస్తువు యొక్క ఆకారమును, రంగును చూచి ఇది మనిషి, ఇది సైకిలు అని పోల్చును. కాని మంచు కమ్మినను, సూర్యుడు ఎదురుగ క్రిందికి దిగినను, చీకటి పడినను, మన కంటివలెనే దానికిని చూపు తగ్గును. రాడారు గబ్బిలపు పద్ధతిని నడచును. గబ్బిలము కూత వేసి దాని ప్రతిధ్వనినిబట్టి ఎదుటి గోడను తెలిసికొనునట్లు, రాడారు రేడియో అలలను పంపి అవి తగిలి తిరిగివచ్చు కాలమునుబట్టి దూరమును, ఆ అలలలో కలిగిన మార్పునుబట్టి వేగమును లెక్కించును. దానికి చీకటియు మంచును అడ్డము కావు. కాని ఎదుట నున్నది ఆవా, బండరాయా, ఇనుపస్తంభమా అని చెప్పుటలో అది కెమెరాకంటె తక్కువది. కావున రెండింటిని కలిపి, ఒకటి చెప్పినదానిని రెండవదానితో సరిచూచుకొని, కంప్యూటరు తీర్పు చేయును. మన పంచాయతిలో ఇద్దరు సాక్షులను విచారించినట్లే ఇది.

ఈ తీర్పు ఎంత వేగముగ జరుగవలయునో ఒక లెక్కవలన తెలియును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. మనిషి ఆపదను చూచి, గ్రహించి, కాలు బ్రేకుమీద వేయుటకు ఒకటిన్నర సెకను పట్టుననుకొందము. అంతలో కారు 25 మీటర్లు పోయినది. బ్రేకు పట్టిన తరువాత పొడిబాటపై మరి 20 మీటర్లు పోయి నిలుచును. మొత్తము 45 మీటర్లు. దుప్పి 30 మీటర్ల దూరమున బాటలోనికి దుమికినదా, ఆ కారు గంటకు 50 కిలోమీటర్లకు తగ్గని వేగముతో దానిని గ్రుద్దును. అదే కారు 40 కిలోమీటర్ల వేగమున పోవుచుండినచో, చూచి త్రొక్కులోపల 17 మీటర్లు, తరువాత 9 మీటర్లు, మొత్తము 26 మీటర్లలో నిలిచి, దుప్పికి నాలుగు మీటర్ల ఇవతల ఆగును. దుప్పి బ్రతుకును; బండిలోనివారును బ్రతుకుదురు.

ఇక సహాయక యంత్రమున్నదనుకొందము. అది అర సెకనులో బ్రేకు పట్టినచో 60 కిలోమీటర్ల వేగమునను 28 మీటర్లలో కారు నిలుచును. యంత్రము వలని లాభ మిదియే. కాని వాన కురిసి బాట తడిసినదనుకొనుడు. అపుడు బ్రేకు పట్టిన తరువాత కారు జారుచు 35 మీటర్ల వరకు పోవచ్చును. యంత్రము అర సెకనులోనే మేల్కొన్నను మొత్తము 43 మీటర్లగును, దుప్పి దక్కదు. అదే తడిబాటపై 40 కిలోమీటర్ల వేగమున పోయినచో యంత్రము కారును 21 మీటర్లలో నిలుపును. కావున యంత్రముండుట నెమ్మదిగ పోవుటకు బదులు కాదు. నెమ్మదికి తోడు మాత్రమే. ఈ లెక్క మీ ఊరిలో కారు తోలు కుర్రవారికి చెప్పదగినది.

ఇట్టి యంత్రము సరిగ పనిచేయునో లేదో తెలిసికొనుట యెట్లు? కుండను కొనువాడు తట్టి చూచును. కోడెను కొనువాడు కాడికి కట్టి చూచును. కాని ఈ యంత్రమును పరీక్షించుటకు నిజమైన మనిషిని బండికి అడ్డముగ నడిపింపరాదు గదా. కావున మెత్తని నురుగుతో చేసిన మనిషిబొమ్మలను, సైకిలుబొమ్మలను, గ్రుద్దినను చెదరి మరల అతుకబడు కారుబొమ్మలను చేసి, ప్రత్యేకమైన మైదానములలో పరీక్షించుచున్నారు. ఐరోపాఖండములో కార్లకు నక్షత్రములిచ్చు సంస్థ 2014వ సంవత్సరమునుండి తానై బ్రేకు వేయు యంత్రమునుకూడ తన పరీక్షలలో చేర్చెను. మన దేశములో కార్లకు నక్షత్రములిచ్చు భారత్ ఎన్‌క్యాప్ అను పద్ధతి 2023 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. మధ్యప్రదేశమున ఇందూరుకు సమీపమునగల పీథంపురములో 11.3 కిలోమీటర్ల పొడవుగల వేగపరీక్షాపథము 2021లో తెరువబడెను.

అయినను మైదానములో బొమ్మను నిలిపి చేయు పరీక్షకు ఒక హద్దు కలదు. లెక్క చూడుడు. కారు వేగము పదివిధములు. అడ్డము వచ్చు జంతువు ఆరు రకములు. అది దుముకు దూరము పదివిధములు. ఉదయము, మధ్యాహ్నము, సంజ, రాత్రి అని వెలుతురు నాలుగు విధములు. ఎండ, వాన, మంచు అని మూడు విధములు. బాట వంపు ఐదు విధములు. వీనినన్నిటిని హెచ్చించినచో 36,000 పరీక్షలగును. ఒక్కొక్కదానికి పది నిమిషములే యనుకొన్నను, రాత్రింబవళ్లు ఆగక చేసిన 250 దినములు పట్టును. ఒక్క దినుసు మార్చినచో మరల మొదటికి వచ్చును. వానకొరకు కూర్చుండవలె, మంచుకొరకు కూర్చుండవలె.

పూర్తిగ తమంత తాము నడచు కార్లను గూర్చి అమెరికాలోని ర్యాండ్ సంస్థవారు 2016లో ఒక లెక్క వేసిరి. అట్టి కార్లు మనుష్యులంత క్షేమముగనైన నడచునని, ప్రాణహానిని కొలబద్దగ గొని నమ్మకముగ రుజువు చేయవలెనన్న, 27 కోట్ల 50 లక్షల మైళ్లు ప్రమాదమరణము లేకుండ నడిపి చూపవలెనట. నూరు కార్లను గంటకు 25 మైళ్ల వేగమున, పగలు రాత్రి, ఏడాది పొడవున నడిపినను పన్నెండున్నర ఏండ్లు పట్టునట. బాటపై నడిపి మాత్రమే నమ్మకము సంపాదించుట జరుగని పని యని వారి తాత్పర్యము.

ఇక్కడనే మాయాబాట అక్కరకు వచ్చినది. దీనిని పండితులు సిమ్యులేషన్ అందురు. అనగా నిజమైన బాటను, బండిని, వానను, మనుష్యులను, జంతువులను కంప్యూటరులో లెక్కలరూపమున కల్పించి, ఆ కల్పనాలోకములో సహాయక యంత్రమును పరీక్షించుట. ఈ లోకములో మనిషికి దెబ్బ తగులదు. బండి విరుగదు. నడిరాత్రి కావలెనన్న నడిరాత్రి, జడివాన కావలెనన్న జడివాన. నేను చెప్పిన 36,000 పరీక్షలను అనేక కంప్యూటర్లకు పంచి కొద్ది దినములలో ముగింపవచ్చును. ఒకే ఘటనను అణుమాత్రము మార్చి వేయిసార్లు చేసి, యంత్రము ఎక్కడ తప్పునో పట్టుకొనవచ్చును. వేమో అను అమెరికా సంస్థ 2019 జూలై నాటికి ఇట్టి కల్పనాలోకములో 1000 కోట్ల మైళ్లు నడిపితిమని ప్రకటించెను. నిజమైన బాటలపై నడిపినదానితో పోల్చిన ఇది కొన్ని వందల రెట్లు.

ఈ ఉపాయము నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనునాయన తండ్రికి చర్చివాద్యములను, తమంత తాము మ్రోగు పియానోలను చేయు కర్మాగారముండెను. ఆ వాద్యములు కూడ మన హార్మనీవలె తిత్తులలోని గాలిచే నడచునవియే. లింక్ 1929లో అట్టి తిత్తులతోనే, నేలమీద నుండి ఊగుచు వంగుచు తిరుగు ఒక బొమ్మవిమానమును చేసెను. అందు కూర్చుండినవాడు, కన్నుల కేమియు కనబడకున్నను, గడియారములవంటి సాధనములను మాత్రమే చూచి విమానమును నడుపుట నేర్చుకొనును. మొదట దానిని జాతరలలో వినోదవస్తువుగనే జనులు చూచిరి. 1934లో అమెరికా సైన్యము ఉత్తరముల రవాణాను తన విమానములతో చేపట్టగా, చెడువాతావరణములో అనేకులు విమానచోదకులు కొలది వారములలో మరణించిరి. అప్పుడు సైన్యము లింక్ చేసిన బొమ్మవిమానములను ఆరింటిని కొనెను. రెండవ ప్రపంచయుద్ధము ముగియునాటికి అట్టివి పదివేలకు పైగా తయారైనవి. ప్రాణము పోయిన తరువాత వచ్చు బుద్ధిని ప్రాణము పోకముందే తెచ్చుట ఈ విద్య యొక్క ప్రయోజనము.

కారు విషయమున ఈ పరీక్ష నాలుగు మెట్లుగ జరుగును. మొదటిమెట్టున బాటయు కల్పితమే, బండియు కల్పితమే, యంత్రపు బుద్ధికూడ లెక్కల చిత్తుప్రతియే. రెండవమెట్టున కారులోనికి ఎక్కింపబోవు అసలు ప్రోగ్రామునే కల్పితలోకములో నడిపింతురు. మూడవమెట్టున కారులో అమర్చు అసలు కంప్యూటరుపెట్టెను బల్లపై పెట్టి, దానికి తీగలద్వారా కల్పితలోకపు దృశ్యములను పంపుదురు. పాపము, ఆ పెట్టె తాను నిజముగనే బాటపై పోవుచున్నానని తలచి బ్రేకు వేయుమని ఆజ్ఞ ఇచ్చుచుండును. ఆ ఆజ్ఞ ఎంతలో వచ్చెనో కొలుతురు. నాలుగవమెట్టున నిజమైన మనిషిని కదలెడి ఆసనముపై కూర్చుండబెట్టి, ఎదుట తెరపై బాటను చూపి, యంత్రము మోత చేసినపుడు అతడు బెదరునా, విసుగుకొనునా, సరిగ స్పందించునా అని పరిశీలింతురు. ఈ నాలుగు మెట్లు ఎక్కిన తరువాతనే మైదానము. మైదానము తరువాతనే ఊరిబాట. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న పెద్దలమాట ఇక్కడ అక్షరాల చెల్లినది.

ఈ పని మనకు దూరముననే జరుగుచున్నదని అనుకొనవలదు. సంగారెడ్డి జిల్లా కందిలోనున్న హైదరాబాదు ఐ.ఐ.టి.లో తిహాన్ అను కేంద్రము కలదు. తమంత తాము నడచు బండ్లను, డ్రోనులను పరీక్షించుటకు అక్కడ ఒక పరీక్షాస్థలమునకు 2020 డిసెంబరు 29న శంకుస్థాపన జరిగెను. 130 కోట్ల రూపాయల కేంద్రప్రభుత్వ సహాయముతో నిర్మితమైన ఆ స్థలమును 2022 జూలై 4న కేంద్రమంత్రి జితేంద్రసింగ్ ప్రారంభించిరి. అందు పరీక్షాపథములు, కూడళ్లు, కృత్రిమముగ వాన కురిపించు ఏర్పాటులు కలవు. ఇది గదిలోని మాయాబాటకును ఊరిలోని నిజపుబాటకును నడుమ నున్న పంచవంటిది.

హైదరాబాదులోనే గచ్చిబౌలియందున్న ట్రిపుల్ ఐ.టి.వారు ఇంటెల్ సంస్థతో కలిసి మరొక ముఖ్యమైన పని చేసిరి. యంత్రమునకు చూపు నేర్పుట బిడ్డకు అక్షరములు నేర్పుటవంటిది. వేలకొలది బొమ్మలు చూపి, ఇది మనిషి, ఇది చెట్టు, ఇది బస్సు అని చెప్పవలయును. అంతకుముందు ప్రసిద్ధమైన బొమ్మలసంపుటములు చాలవరకు జర్మనీవంటి దేశముల నగరములలో తీయబడినవి. అక్కడ గీతలు చక్కగ నుండును. ఎవరి వరుసలో వారు పోవుదురు. ఆటోరిక్షా ఉండదు, బాటపై గేదె పరుండి నెమరు వేయదు. కావున వీరు హైదరాబాదు, బెంగుళూరు నగరములలోను వాని శివారులలోను 182 మారులు బండి నడిపి, 10,000 చిత్రములను ఎన్నుకొని, ఒక్కొక్కదానిలో ఏది యేదో 34 తరగతులుగ గుర్తు పెట్టి 2018లో ప్రకటించిరి. ఆ తరగతులలో ఆటోరిక్షా ఉన్నది, జంతువు ఉన్నది, బాట ప్రక్క బండి దిగి పోదగిన మట్టినేలకూడ ప్రత్యేకముగ ఉన్నది. మన బాటలను మన బాటలుగ గుర్తించిన ప్రయత్నమిది.

ఇదే సంస్థ పాల్గొన్న మరొక యత్నము 2021 సెప్టెంబరులో నాగపురమున మొదలైనది. అక్కడ నగరపు బస్సులకు హెచ్చరించు కెమెరాలను అమర్చి, ఏయే తావులలో ఆ కెమెరాలు మాటిమాటికి మోత చేయుచున్నవో లెక్కగట్టి, ప్రమాదము జరుగకముందే జరుగగల తావులను గుర్తించుట దాని ఉద్దేశము. తరువాత తెలంగాణ ఆర్టీసీ బస్సులలోను ఇట్టి యంత్రములు అమర్చిరి. ఇక 2025 మార్చిలో కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖవారు, పెద్ద బస్సులలోను లారీలలోను ఆపదలో తానై వేయు బ్రేకు, నిద్రమత్తును తెలుపు హెచ్చరిక, గీత దాటుటను తెలుపు హెచ్చరిక ఉండవలెనని ముసాయిదా నిబంధనలను ప్రకటించిరి. ఈ తొందరకు కారణము చిన్నది కాదు. 2022వ సంవత్సరములో మన దేశపు బాటలపై 4,61,312 ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని ఆ మంత్రిత్వశాఖయే లెక్క చెప్పినది. అనగా దినమునకు 460 మందికి పైగా.

ఇంతవరకు మాయాబాటయొక్క గుణములు చెప్పితిని. దోషములను చెప్పకున్న ఈ ప్రసంగము సగమే యగును. మాయాబాటలో మనము పెట్టినదే యుండును, పెట్టనిది ఉండదు. విత్తొకటి వేసిన చెట్టొకటి మొలవదు గదా. ఇందుకు రెండు నిదర్శనములు కలవు.

మొదటిది ఆస్ట్రేలియాలోనిది. వోల్వో అను స్వీడను సంస్థవారి కార్లు స్వీడనుదేశమున దుప్పిజాతి జంతువులను చక్కగ గుర్తించుచుండెడివి. ఆ సంస్థవారు 2015లో ఆస్ట్రేలియాకు బోయి కంగారూ జంతువులను పరిశీలింపసాగిరి. కంగారూ నడువదు, గెంతును. కారుకన్ను నేలను ఆధారముగ గొని జంతువుయొక్క దూరమును కొలుచుచుండెను. జంతువు గాలిలో నున్నపుడు అది దూరముగ నున్నట్లును, నేలపై పడినపుడు దగ్గరకు వచ్చినట్లును యంత్రమునకు తోచెను. ఈ చిక్కును 2017లో ఆ సంస్థవారే బహిరంగముగ చెప్పిరి. స్వీడనులో ఎంత పరీక్షించినను ఈ సంగతి తెలియకపోయెడిది. అచ్చట కంగారూ లేదు. కావున అచ్చటి పరీక్షలోను గెంతు లేదు.

రెండవది విషాదకరమైనది. 2018 మార్చి 18వ తేదీ రాత్రి అమెరికాలోని టెంపే నగరమున, ఊబరు సంస్థ తమంత తాము నడచునట్లు పరీక్షించుచున్న ఒక కారు, సైకిలును నడిపించుకొనుచు బాట దాటుచున్న ఒక స్త్రీని గ్రుద్ది చంపెను. ఆ దేశపు రవాణాభద్రతామండలి విచారణ చేసి, తాకుటకు ఐదున్నర సెకనులకు పైగా ముందే రాడారు ఆమెను కనుగొన్నదని తేల్చెను. కాని యంత్రము ఆమెను ఒకసారి బండి యనియు, ఒకసారి మరేదో యనియు, ఒకసారి సైకిలనియు మార్చి మార్చి తలచెను. కారణమేమన, దాటుటకు గీతలు గీసిన తావున కాక వేరొకచోట మనిషి బాట దాటవచ్చునన్న ఆలోచనయే ఆ యంత్రమును కల్పించినవారు అందు పెట్టలేదు. బండిలో కనిపెట్టి చూడవలసిన వ్యక్తి ఆ సమయమున చేతిఫోనును చూచుచుండెనని కూడ విచారణలో తేలెను. ఆ కారులో వోల్వోవారు అమర్చిన అసలు బ్రేకుయంత్రమును ఊబరువారు తమ పరీక్షకొరకు ఆపియుంచిరి. అది పనిచేసియున్న ఏమగుచుండెనని వోల్వోవారు కల్పితలోకములో 20 విధముల నడిపి చూడగా, 17 పర్యాయములు కారు ఆమెను తాకకయే నిలిచెను; మిగిలిన మూడింట మిక్కిలి తక్కువ వేగముతో తాకెను. చూచితిరా! ఉంచవలసిన మనిషిని ఊహలో ఉంచకపోవుటవలన ఒక ప్రాణము పోయినది. అదే ఊహాలోకము, సరిగ వాడినచో, ప్రాణము దక్కు మార్గము ఉండెనని సాక్ష్యము చెప్పినది.

ఇప్పుడు మన బాటకు వత్తము. గీతలమీదనే బాట దాటవలెనన్న నియమము నల్లమలలో నడచునా? మన్ననూరునకును వటువర్లపల్లికిని నడుమ మనుష్యులు ఎక్కడ దాటుదురో గీతలు చెప్పవు, అడవిదారులు చెప్పును. చైత్రపౌర్ణమికి సలేశ్వరము జాతర జరుగునపుడు ఫరహాబాదు దారియొద్ద జనము గుంపులు గుంపులుగ నడచును. శివరాత్రికి ముందు నెత్తిన మూటలతో, భుజమున జోలెలతో భక్తులు బాటవెంట సాగుదురు. నెత్తిన మూట ఉన్న మనిషి ఆకారము యంత్రమునకు మనిషిగ తోచునా? కట్టెలమోపు ఎత్తుకొనివచ్చు చెంచుస్త్రీ ప్రక్కనుండి చూచిన చెట్టుకొమ్మవలె కనబడునా? కోతల కాలమున బాటమీదనే మొక్కజొన్న, వడ్లు ఆరబోయుదురు. చుట్టును రాళ్లు పేర్చుదురు. దీపము లేని ఎద్దులబండి సంజవేళ ఎదురగును. కొండముచ్చు గెంతును, దాని గెంతు కంగారూ గెంతువంటిదే. ఒక దుప్పి దాటినదన్న దానివెనుక మంద ఉన్నదని మీకు తెలియును. మొదటిది పోగానే దారి ఖాళీ యని యంత్రము తలచినచో రెండవది బండిక్రింద పడును. ఇది పుస్తకములలో లేని జ్ఞానము. మీయొద్ద నున్న జ్ఞానము.

దోమలపెంట దాటి కృష్ణలోనికి దిగు ఘాటుబాటలో మరొక చిక్కు. అక్కడ పాములమెలికలవంటి మలుపులు. రాడారు బంపరునుండి తిన్నగ ముందునకు చూచును. బాట ప్రక్కకు తిరుగును. కావున ఎదుట కొండబండయో, మలుపురాయియో కనబడి, బండికి ఏదో అడ్డము వచ్చినదని యంత్రము భ్రమపడి అక్కరలేని బ్రేకు వేయవచ్చును. వెనుక బరువైన లారీ దిగుచున్నపుడు ఆ బ్రేకే ఆపదను తెచ్చును. ఇంతేకాక, అబద్ధపు మోతలు మాటిమాటికి వచ్చినచో డ్రైవరు విసిగి యంత్రమును ఆపివేయును. తోడేలు వచ్చెనని ఊరక అరచిన పసులకాపరి కథ మీకు తెలిసినదే. కావున పరీక్ష రెండువైపుల జరుగవలె. ఆపద ఉన్నపుడు మేల్కొనెనా యనునది ఒకటి. ఆపద లేనపుడు ఊరకుండెనా యనునది మరొకటి. ఈ రెండవదే కష్టతరము.

మరియొక మాట. మాయాబాట చెప్పినదానిని నిజపుబాటతో సరిచూడకున్న దానికి విలువ లేదు. తక్కెడను వాడుటకుముందు తెలిసిన రాయితో తూచి చూచినట్లు, కల్పితలోకములో 28 మీటర్లలో నిలిచిన బండి మైదానములోను 28 మీటర్లలోనే నిలుచునా యని కొన్ని ఘటనలను ఎన్నుకొని నిజముగ చేసి చూడవలయును. తేడా వచ్చినచో లోపము లెక్కలోనున్నదో, బాటగరుకులోనున్నదో, కెమెరా అద్దముపై పడిన దుమ్ములోనున్నదో వెదకవలయును. ఒడ్డున కూర్చుండి ఈత పూర్తిగ నేర్వలేము. కాని ఒడ్డున నేర్వదగినది నేర్వక మడుగున దుమికినవాని గతియు మనకు తెలియును.

ఇక మీ పని ఏమి? నేను మూడు మాటలు చెప్పెదను. మొదటిది: మీ ఊరివద్ద ఏ తావున ఏ వేళ ఏ జంతువు దాటునో, ఏ మలుపున మాటిమాటికి బండ్లు జారునో, ఏ జాతరకు జనము ఏ వైపున నడచునో ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. పంచాయతిద్వారా అటవీశాఖవారికిని రహదారులవారికిని తెలుపుడు. తావు, వేళ, ఋతువు అను మూడును ఉన్నచో అట్టి వ్రాత హెచ్చరికబల్ల పెట్టువానికిని పనికివచ్చును, మాయాబాట కట్టువానికిని పనికివచ్చును. అతనికి లెక్కలు వచ్చును; అడవి రాదు. రెండవది: మీ పిల్లలు ఇట్టి కారు కొనునపుడు యంత్రము ఉన్నదా యని మాత్రమే అడుగక, అది మనిషిని చూచునా, సైకిలును చూచునా, రాత్రి చూచునా, ఎంత వేగమువరకు పనిచేయును, ఎప్పుడు పనిచేయదు అని అడుగుమనుడు. ఈ సంగతులు కారుతో ఇచ్చు పుస్తకములో వ్రాసియుండును; చదువువారు తక్కువ. అద్దముపై కెమెరా యెదుట దుమ్మును, పసుపుకుంకుమలను, వ్రేలాడు దండలను ఉంచవలదనుడు. కొత్తకారు పూజ ఇంజనుకు చేసినను దేవుడు స్వీకరించును. కంటిమీద బొట్టు పెట్టనక్కరలేదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో మన సంస్థానమున బస్సుసర్వీసు మొదలుపెట్టిననాడు, బాటపై నడచువాడే ఎక్కువ, బండి తక్కువ. నేడు ఆ తూకము తలక్రిందైనది. అయినను బాట బండివానిది మాత్రమే కాలేదు. యంత్రమున కెన్ని కండ్లు వచ్చినను, దానికి నేర్పబడని ప్రాణి బాటమీద నుండును. దానికొరకు వేగము తగ్గించుట మనిషిచేతిలో నున్నది. మాయాబాటలో మరల మొదటినుండి ఆట ఆడవచ్చును. నల్లమల బాటమీద పోయిన ప్రాణము మరల రాదు.

మీ ఊరిజ్ఞానమును ఆ గదిలోని పరీక్షకు చేర్చు బాధ్యత చదువుకొన్న మీ పిల్లలపై నుంచుడు. ఆ పిల్లలకు చెప్పవలసినది చెప్పు బాధ్యత మీది.